అక్కాబావలకి ఒక సినిమా కావాలి

ఆ శనివారం మధ్యాహ్నం నేను ఓఎస్ ల్యాబ్ రికార్డు రాస్తున్నా (ఎవరిది చూసి రాస్తున్నానో అడగొద్దు). అక్క దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్. "ఒరేయ్, ఈ రాత్రికి ఏదైనా మంచి సినిమా చెప్పు. మీ బావా నేనూ ఇంట్లోనే కూర్చుని చూస్తాం. ఫైట్లూ గోలా వద్దు. చూశాక కాసేపు మాట్లాడుకునేలా ఉండాలి." దాని కింద ఇంకోటి, "డేట్ నైట్ అన్నమాట", పక్కన సిగ్గుపడే ఎమోజీ.

మా ఇంట్లో డేట్ అంటే కరెంటు బిల్లు కట్టాల్సిన ఆఖరి డేట్. అంతకుమించి ఆ మాటకి వేరే అర్థం లేదు. అక్కది పెద్దలు కుదిర్చిన పెళ్లి. పెళ్లికి ముందు వాళ్లిద్దరూ విడిగా మాట్లాడుకున్నది మా డాబా మీద ఒక పావుగంట, అదీ నేను మెట్ల మీద కాపలా ఉండగా. అందుకని వాళ్ల డేటింగ్ అంతా తాళి కట్టాకే మొదలైంది. ఇద్దరూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరే. ఇద్దరికీ కలిసి దొరికేది శనివారం రాత్రి ఒక్కటే. ఆ రాత్రి కూడా ట్రాఫిక్‌లో పోసి, పాప్‌కార్న్‌కి అప్పు చేసి థియేటర్‌కి వెళ్లే ఓపిక వాళ్లకి లేదు.

నేనా, సినిమాల విషయంలో మా ఫ్లోర్ మొత్తానికీ కన్సల్టెంట్‌ని. రెండు నిమిషాల్లో జవాబు పంపా. 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్', మలయాళం, జియో బేబీ డైరెక్షన్, 2021. "ఇంతకన్నా ఆలోచింపజేసే సినిమా లేదక్కా" అని గొప్పగా కింద ఒక లైను కూడా.

తర్వాత వారం రోజులు వాళ్లింట్లో మాటల్లేవు.

జరిగింది రాసే ముందు ఒక మాట. ఇదంతా అక్క పర్మిషన్ తీసుకునే రాస్తున్నా. బావ పర్మిషన్ అక్క తీసుకుంది. తెలుగులో ఇంత పొడుగు రాయడం నాకు ఇది రెండోసారి, ఒత్తులు ఎక్కడైనా జారితే మన క్లబ్ ఎడిటర్లని తిట్టుకోండి.

ఆ సినిమా చూడనివాళ్ల కోసం: కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయి, ఒక పాత ఇల్లు, ఒక వంటగది. అంతే కథ. తరగడం, రుబ్బడం, వడ్డించడం, మగవాళ్లు నమిలి టేబుల్ మీద పెట్టేసిన ముక్కలు ఎత్తడం, కడగడం, మళ్లీ తరగడం. మామగారికి అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలి, బట్టలు చేత్తోనే ఉతకాలి. సింకు కింద పైపు కారుతూ ఉంటుంది, మొగుడికి ఎన్నిసార్లు చెప్పినా ప్లంబర్ రాడు. ఎవరూ కొట్టరు, పెద్దగా అరవరు. ఆ అమ్మాయికి సినిమా అంతా పేరు కూడా ఉండదు. గొప్ప సినిమా, అందులో నాకిప్పటికీ రెండో మాట లేదు.

మరి ఏమైంది? ఇరవై నిమిషాలకే బావ సోఫాలో నిటారుగా కూర్చున్నాడట. అరగంటకి, "ఇది నాకోసం పెట్టావా?" అన్నాడట. అక్క "తమ్ముడు చెప్పాడండీ" అంది. అది ఇంకా ఘోరం, పెళ్లాం ఒక్కతే కాదు, అత్తగారిల్లు మొత్తం తన గురించి మీటింగ్ పెట్టుకుందని అర్థం కదా! సినిమా అయిపోయాక అక్క ఏడుస్తూ కూర్చుంది, బావ లేచి వెళ్లి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే గిన్నెలన్నీ తనే తోమాడు, పక్క ఫ్లాటుకి వినపడేంత చప్పుడుతో. అక్క కుక్కర్ మళ్లీ తోముకుంది. ఆ మళ్లీ తోముకోవడం మీద అసలు గొడవ. సాయంత్రానికి అమ్మ నాకు ఫోన్ చేసి, "ఏం సినిమా చెప్పావురా వెధవా?" అంది.

వారం తర్వాత అక్క అన్న మాట ఇది. "నేను సినిమా అడిగితే నువ్వు ఛార్జ్‌షీట్ పంపావురా."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజానికి నేను చేసింది అదే. అక్క ఫోన్‌లో అప్పుడప్పుడూ, "ఆఫీసు నుంచి ఇద్దరం ఒకేసారి వస్తాం, కుక్కర్ పెట్టేది మాత్రం నేనే" అంటూ ఉండేది. నేను సినిమా ఎంచుకున్నది వాళ్లిద్దరి సాయంత్రం కోసం కాదు, బావని బాగు చెయ్యడానికి. పంతొమ్మిదేళ్లవాణ్ణి, ముప్ఫై ఏళ్ల మనిషికి సోఫాలో కూర్చోబెట్టి క్లాసు పీకుదామనుకున్నా. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి, ఆ సినిమా నేను ఇంటర్ సెలవుల్లో ఇంట్లోనే చూశా. చూసి, కదిలిపోయి, అన్నం తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయా. ఆ కంచం అమ్మే తీసింది.

తప్పు ఎవరిదో ముందే తేల్చేసిన సినిమా చూస్తున్నప్పుడు మగాడు చేసే పని ఒకటే, తెర మీద ఉన్నవాడితో తనని పోల్చుకోవడం. బావ కూరలు తరుగుతాడు. ఆదివారం దోసెలు వేస్తాడు. బట్టలు మెషీన్‌లో వేసేది ఆయనే. పోల్చుకుంటే తను నయమే అని తేలింది. తేలగానే కేసు మూసేశాడు, "నేను అంత చెడ్డవాణ్ణి కాదు" అని. అక్క చెప్పాలనుకున్నది "నువ్వు చెడ్డవాడివి" అని కాదు, "నేను అలిసిపోతున్నా" అని. ఆ మాట సినిమా కింద నలిగిపోయింది.

ఇద్దరికి ఒక సినిమా ఎంచడం ఎందుకంత కష్టమో మన సబ్జెక్ట్ వైపు నుంచి కూడా కొంచెం చూశా. రికమెండేషన్ సిస్టమ్స్ అన్నీ ప్రధానంగా ఒక్క మనిషి కోసం పుట్టినవి. నెట్‌ఫ్లిక్స్ 2006లో ఒక పోటీ పెట్టింది, వాళ్ల సిస్టమ్ కన్నా 10 శాతం మెరుగ్గా రేటింగ్ ఊహించినవాళ్లకి పది లక్షల డాలర్లు అని. 2009లో ఒక టీమ్ గెలిచింది కూడా. అంత డబ్బు, మూడేళ్ల బుర్రలు, అంతా దేనికి? ఒక మనిషి ఒక సినిమాకి ఎన్ని స్టార్లు ఇస్తాడో ముందే చెప్పడానికి. పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంటాడన్న సంగతి ఆ లెక్కలో లేదు.

గుంపుకి సినిమా చెప్పే పద్ధతులు లేకపోలేదు. అందరి అంచనా రేటింగులూ కలిపి యావరేజ్ తియ్యడం ఒకటి. అక్క 5, బావ 1 ఇచ్చే సినిమాకీ, ఇద్దరూ 3 ఇచ్చే సినిమాకీ యావరేజ్ ఒకటే! అందుకని 'లీస్ట్ మిజరీ' అని ఇంకోటుంది, అందరిలో తక్కువ ఇచ్చినవాడి నంబరే లెక్క. ఎవరూ మరీ బాధపడకుండా చూడ్డం. మన ఇళ్లల్లో అమ్మలు కూర ఎంచేది ఈ ఆల్గారిథమ్‌తోనే, ఎవరూ అలగనిది వండుతారు. అందుకే వారానికి నాలుగుసార్లు బంగాళాదుంప. అయితే ఈ రెండు లెక్కలూ కొలిచేది సినిమా నడుస్తున్నంతసేపూ ఎంత నచ్చిందన్నదే. అక్క అడిగింది అది కాదు కదా. టీవీ ఆపాక ఏం జరగాలో చెప్పి అడిగింది. దానికి ఏ యాప్‌లోనూ నంబరు లేదు.

ఈ గోలంతా మా క్యాంటీన్ బ్యాచ్‌తో చెబితే, మా క్లాసమ్మాయి ఒకామె గట్టిగా వేసుకుంది. "అంటే ఏంటి, మగాళ్లకి నొప్పి కలగని సినిమాలే చూడాలా? మా అమ్మ ఇరవై ఏళ్లుగా నోటితో చెబుతూనే ఉంది. ఎవరు విన్నారు? ఆ సినిమా చూశాకే మా నాన్న మొదటిసారి వంటింట్లోకి తొంగి చూశాడు. మీ బావకి కోపం వచ్చిందంటే సినిమా పని చేసిందని అర్థం."

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమె చెప్పింది నిజమే. నోటితో చెబితే వినని చోట సినిమాయే నోరవుతుంది. మన దగ్గర 'అర్జున్ రెడ్డి' లాంటి సినిమాకి ఈలలు వేసినవాళ్లం, వంటింటి సినిమా పెడితే "మూడ్ పాడు చేశావు" అనడం కూడా నిజమే, అందులో నేనూ ఉన్నా. ఒక్కటి మాత్రం అన్నా. వాళ్ల నాన్న ఆ సినిమా ఎవరూ అడక్కుండా తనంతట తనే టీవీ ముందు కూర్చుని చూశాడట. బావకి మాత్రం అది ప్రేమగా ఉందాం రమ్మని పిలిచి పెట్టిన సినిమా. పిలిచిన పని ఒకటి, చేసింది ఇంకోటి. భోజనానికి పిలిచి అప్పు వసూలు చేసినట్టు. అప్పు నిజమే, అడగాల్సిందే, అడగడానికి వేరే పూట ఉంది. ఆమె "ఆ వేరే పూట ఎప్పుడొస్తుంది నాయనా?" అని సమోసా ప్లేటు నా వైపు తోసింది. మేము ఇంకా రాజీ పడలేదు.

ఇంతలో సంక్రాంతి సెలవులు వచ్చాయి. ఇంటికెళ్లా. కనుమ రాత్రి అమ్మానాన్నలకి టీవీలో 'మిథునం' పెట్టా. శ్రీరమణ గారి కథ, తనికెళ్ల భరణి గారు 2012లో తీసిన సినిమా. కనిపించేది ఇద్దరే, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. పిల్లలంతా విదేశాల్లో, ముసలి మొగుడూ పెళ్లాం, చుట్టూ పెరడు, పాడి, బోలెడంత తిండి. దీంట్లో ఆలోచించడానికేముంది, పండగపూట హాయిగా ఉంటుంది కదా అనే పెట్టా.

నాన్న ఒకటే మురిసిపోవడం. ప్రతి వంటకానికీ "అదీ!" అని తొడ మీద కొట్టుకోవడం. సగంలో అమ్మ మామూలుగా, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే, "పాపం ఆవిడకి రిటైర్మెంట్ లేదనుకుంటా" అంది.

నాన్న నవ్వాడు. ఒక నిమిషం ఆగి, "నీకు వంట ఇష్టం లేదా?" అన్నాడు.

"ఇష్టమే. రోజూ కాదు."

ఆ ప్రశ్న నాన్న అడగడం పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో అదే మొదలట. అమ్మే తర్వాత చెప్పింది. నాన్న ఏమీ అనలేదు, సినిమా కూడా ఆపలేదు. కానీ ఆ తర్వాత తిండి సీన్లకి తొడ కొట్టుకోవడం తగ్గింది.

నాకు దిమ్మ తిరిగింది. గ్రేట్ ఇండియన్ కిచెన్ దేని గురించో మిథునం కూడా దాని గురించే! వంటగది, ఒక ఆడమనిషి, తినే మగమనిషి. ఒకదాంట్లో అది నరకం, ఇంకోదాంట్లో అది స్వర్గం. నరకం చూసి బావ తలుపు వేసుకున్నాడు. స్వర్గం చూసి అమ్మ తలుపు తీసింది. మిథునం సినిమా ఆ ప్రశ్న అడగలేదు, అమ్మ అడిగింది. ఎవరూ నాన్న మీద వేలు చూపించలేదు కాబట్టి ఆయనకి దాక్కోవాల్సిన అవసరం రాలేదు.

'థాట్ ప్రొవోకింగ్' అన్న ముద్ర చూసి సినిమా పెట్టుకోవడం అప్పట్నుంచి మానేశా. ఆ లిస్టుల్లో ఉండేవి చాలామటుకు దర్శకుడు ఆల్రెడీ ఆలోచించేసిన సినిమాలు. జవాబు ఆయన దగ్గర ఉంటుంది, మనం తల ఊపడమే. తల ఊపడానికి ఇద్దరు అక్కర్లేదు. ఇద్దరు కూర్చుని చూసే రాత్రి కావాల్సింది, ఎవరి వైపు నిలబడాలో వెంటనే తెలీని సినిమా.

ఫిబ్రవరిలో అక్క మళ్లీ అడిగింది. ధైర్యం గల మనిషి. ఈసారి నేను రెండు రోజులు టైము తీసుకుని 'ఎ సెపరేషన్' చెప్పా. ఇరాన్ సినిమా, అస్గర్ ఫర్హాదీ తీసింది, 2011. బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, ఆ తర్వాత 2012లో ఆస్కార్ కూడా వచ్చాయి (ఇది చెబితేగానీ బావ ఒప్పుకోడని అక్క అంది). మొదటి సీన్‌లోనే మొగుడూ పెళ్లాం మన వైపు తిరిగి కూర్చుని వాదించుకుంటారు. ఎదురుగా ఉన్న జడ్జి కనపడడు, కెమెరా ఆయన కుర్చీలో ఉంది, అంటే మనమే జడ్జి. ఆమె కూతుర్ని తీసుకుని దేశం వదిలి వెళ్లిపోదామంటుంది. అతను మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని వదిలి రానంటాడు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ ముసలాయన్ని చూసుకోవడానికి ఒక పనిమనిషి వస్తుంది, అక్కణ్ణుంచి జరిగేది నేను చెప్పను. ప్రతి పావుగంటకీ మన తీర్పు మారిపోతూ ఉంటుంది. చివరికి కూడా ఎవరు రైటో చెప్పడు మహానుభావుడు.

రాత్రి ఒకటిన్నరకి అక్క మెసేజ్. "ఇంకా వాదించుకుంటున్నాం." మర్నాడు ఫోన్ చేసింది. నాకు అప్పటిదాకా తెలీని సంగతి ఒకటి అప్పుడు చెప్పింది. బావకి రెండేళ్లు ఆన్‌సైట్ వెళ్లే ఛాన్స్ వచ్చింది. అక్కకి వెళ్లాలని ఉంది. ఒంగోల్లో మామయ్యగారికి పక్షవాతం వచ్చి లేచి ఏడాదే అయింది, అత్తయ్యగారు ఒక్కరే చూసుకుంటున్నారు. ఈ విషయం మీద వాళ్లిద్దరూ నెల్లాళ్లుగా మాట్లాడకుండా తప్పించుకు తిరుగుతున్నారు. "నువ్వు తెలిసే పంపావా?" అని అక్క అడిగింది. ఒట్టు, తెలీదు. తెలిస్తే మళ్లీ ఛార్జ్‌షీటే అయ్యుండేది.

వాదన ఎలా జరిగిందో వినండి. అక్క మొగుడి వైపు మాట్లాడింది. తండ్రిని ఆ స్థితిలో వదిలి ఎలా వెళ్తాడు అని. బావ పెళ్లాం వైపు మాట్లాడాడు. ఆవిడ జీవితం, పిల్ల జీవితం ఆగిపోవాలా అని. ఒకరి పక్షం ఇంకొకరు తీసుకుని గంటన్నర పోట్లాడుకున్నారు! అక్కకి మామగారి మీద అంత దిగులుందని బావకి తెలీదు. బావకి వెళ్లాలని అంత ఉందని అక్కకి తెలీదు. ఆ ఇరాన్ వాళ్ల పేర్లు అడ్డం పెట్టుకుని తమ మాటలు మాట్లాడుకున్నారు. తెర మీద ఉన్నవాళ్ల భాష, ఊరు, కోర్టు అన్నీ దూరం కావడంతో బావ ఈసారి అందులో తనని వెతుక్కుని దోషో కాదో తేల్చుకునే పని పెట్టుకోలేదు. దూరం ఒక్కోసారి మంచిదే.

ఆన్‌సైట్ సంగతి ఇంకా తేలలేదు. సినిమా చూస్తే తేలిపోవడానికి అదేమైనా క్విజ్జా.

సొంత అనుభవం మీద కొన్ని చిల్లర సలహాలు. సబ్‌టైటిల్స్ ఉన్న సినిమాకి అన్నం ముందే తినేయండి, కంచం చూస్తే డైలాగు పోతుంది, డైలాగు చూస్తే పప్పు చొక్కా మీద పడుతుంది. సినిమా పగలే ఎంచి పెట్టుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుని ఒక్కో యాప్ తిప్పుతూ ట్రైలర్లు చూడ్డం మొదలుపెడితే పదిన్నరకి ఒకరు నిద్రపోతారు, రెండోవాళ్లు అలుగుతారు. మీరు ఇదివరకే చూసి, ఏడ్చి, జీవితం మారిపోయిందనుకున్న సినిమా మాత్రం పెట్టకండి. పక్కవాళ్లు తెర చూస్తుంటే మీరు పక్కవాళ్ల మొహం చూస్తూ ఉంటారు, ఇప్పుడు ఏడుస్తారా ఇప్పుడు ఏడుస్తారా అని. అది పరీక్ష పెట్టినట్టుంటుంది. ఇద్దరికీ కొత్తదైతే ఇద్దరూ ఒకేసారి తికమకపడతారు, అందులోనే ఉంది అందం.

మనకి ఇల్లెక్కడిది, డేట్ ఎక్కడిది అంటారా. బాయ్స్ హాస్టల్ ఒక మూల, గర్ల్స్ హాస్టల్ ఇంకో మూల, ఫోన్‌లో "మూడు, రెండు, ఒకటి, ప్లే" అని లెక్కపెట్టుకుని ఒకే సినిమా రెండు ల్యాప్‌టాప్‌లలో చూసేవాళ్లు మా ఫ్లోర్‌లోనే ముగ్గురున్నారు. హాస్టల్ వైఫై పుణ్యమా అని ఒకరికి నాలుగు సెకన్లు ముందు నడుస్తుంది. జోకు రాకముందే అవతల నవ్వు వినపడుతుంది. వాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే. అవతలివాళ్లకి మీరు చెప్పలేకపోతున్న మాటని సినిమా చేత చెప్పించకండి. బ్రేకప్ చెప్పడానికి బ్రేకప్ సినిమా పంపిన మహానుభావుడు ఒకడున్నాడు మా పక్క రూములో. ఆ అమ్మాయి "బాగుంది, హీరోయిన్ యాక్టింగ్ సూపర్" అని రిప్లై ఇచ్చింది. వాడు ఇప్పటికీ ఆ రిలేషన్‌షిప్‌లోనే ఉన్నాడు.

నిన్న పొద్దున బావే ఫోన్ చేశాడు, మొదటిసారి. "ఈసారి తెలుగుది చెప్పు బామ్మర్దీ, సబ్‌టైటిల్స్ చదివి చదివి కళ్లు లాగేస్తున్నాయి" అన్నాడు. 'కేరాఫ్ కంచరపాలెం' చెప్పా. వెంకటేష్ మహా తీసింది, 2018. వైజాగ్ కంచరపాలెంలోనే తీశారు, చాలామంది ఆ ఊరివాళ్లే నటించారు. బడిపిల్లాడి దగ్గర్నుంచి పెళ్లికాని 49 ఏళ్ల అటెండరు దాకా నాలుగు ప్రేమకథలు. ఎవరి ప్రేమని ఎవరు ఆపారు, ఆపినప్పుడు వీళ్లెందుకు ఊరుకున్నారు అన్నది చూసినవాళ్లు తేల్చుకోవాలి.

"నువ్వు చూశావా?" అన్నాడు బావ.

చూశాను. అంటే నా రూలు నేనే తప్పినట్టు. కానీ సోఫాలో కూర్చునేది నేను కాదుగా. ఇంటర్వెల్ దగ్గర ఆపి టీ పెట్టుకోండి బావా అన్నా. టీ ఎవరు పెట్టాలో మాత్రం చెప్పలేదు.